పక్కచెయ్యి

సానరాయి ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది. దాని ముందు పిట్ట వెల్లకిలా పడి ఉన్నాడు. అతని ఎడమ పాదం మీద పంపు చక్రం బోర్లా పడి ఉంది. మేనేజరు పరుగున వచ్చాడు, వంగాడు, చక్రం అంచుని వేలితో తడిమాడు. తడిమి, అడిగాడు:

"రెక్క విరిగిందా?"

రాళ్ళు తిరుగుతుంటే పక్కమనిషి కేక కూడా వినపడని షెడ్డు అది. అయినా ఆ రెండు మాటలూ అందరికీ వినపడ్డాయి. గరుకక్క తన రాయి ఆపేసి వచ్చి, చక్రాన్ని పిట్ట పాదం మీంచి లేపింది. లేపుతుంటే ఆవిడ కుడిభుజం కలుక్కుమంది. పళ్ళు బిగబట్టి అంది:

"రెక్కకేం కాలేదు సార్, నిక్షేపంలా ఉంది. విరిగింది మనిషి కాలే. మీరు కంగారు పడకండి."

మేనేజరు లేచి ప్యాంటుకి అంటిన దుమ్ము దులుపుకున్నాడు. "జాగ్రత్తగా పట్టుకోవద్దూ?" అన్నాడు పిట్టతో. పిట్ట స్పృహలో లేడు కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు రాలేదు.

ఆ షెడ్డు సంగతి కాస్త చెప్పాలి. పోత షెడ్డు నుంచి పంపు చక్రాలు నల్లగా, ఒళ్ళంతా పొక్కులతో వస్తాయి. నీళ్ళని తోసే వంకర రెక్కలు ఉంటాయి వాటికి. ఒక్కొక్కటి బడికెళ్ళే పిల్లంత బరువు. ఆ పిల్లని రెండు చేతులా ఎత్తి, రొమ్ముకి ఆనించుకుని, సానరాయి మీద అటూ ఇటూ తిప్పుతూ రెక్కలన్నీ నున్నగా చెయ్యాలి. నున్నన అయిందో లేదో కళ్ళు చెప్పలేవు, వేళ్ళు చెప్పాలి. అందులోనూ ఎవరి వేళ్ళని వాళ్ళు నమ్మకూడదు. తన కంపు తనకింపు అంటారు కదా, తన పనిలో గరుకు తన వేలికి తగలదు. అందుకని ఎవరు సానబట్టిన చక్రాన్నైనా పక్కరాయి మనిషి కళ్ళు మూసుకుని ఒకసారి తడమాలి. తడిమి 'సరే' అంటేనే అది ట్రేలోకి పోతుంది. దాన్ని వాళ్ళు పక్కచెయ్యి అంటారు. ఏ మేనేజరూ పెట్టిన పద్ధతి కాదది. ఏ తాత మొదలుపెట్టాడో ఎవరికీ తెలియదు.

గరుకక్క చక్రానికి పిట్ట చెయ్యి, పిట్ట చక్రానికి గరుకక్క చెయ్యి. మనిషి పిట్టంత ఉంటాడు కాబట్టి అతను పిట్ట. ఆవిడ పేరు గొంతు వల్ల వచ్చిందని కొందరూ, నోటి వల్ల వచ్చిందని కొందరూ అంటారు. పిట్ట చక్రంలో ఎక్కడైనా రవ్వంత గరుకు తగిలితే ఆవిడ అతని ఏడు తరాలనీ దులిపేసేది. ఆవిడ చక్రంలో తగిలితే పిట్ట మాత్రం "అక్కా, ఇక్కడ" అని మెల్లగా అని, తనే తన రాయి మీద రెండు సార్లు ఆనించి ఇచ్చేసేవాడు.

ఆ రోజు రాళ్ళన్నీ ఆగిపోయాయి. మొదట ఎవరు ఆపారో చెప్పలేం. పిట్టని ఆసుపత్రికి తీసుకుపోయాక ఎవరూ మళ్ళీ మీట నొక్కలేదు. యూనియన్ పెద్దాయన, అందరూ మీసాలు బాబాయ్ అని పిలిచే ఆయన, చక్రాల గుట్ట ఎక్కి నిలబడ్డాడు.

"ఈ బరువు మోసి మోసి మన భుజాలు పోయాయి. ఇప్పుడు కాళ్ళు పోతున్నాయి. బరువు మొయ్యడానికి ఏదన్నా తెచ్చి పెట్టేదాకా రాయి తిరగదు!"

"తిరగదు!" అంది షెడ్డు.

పోత షెడ్డువాళ్ళు వచ్చి కూర్చున్నారు. బిగింపు షెడ్డువాళ్ళు వచ్చారు. మేనేజరు బుజ్జగించాడు, బెదిరించాడు, చివరికి దిగొచ్చాడు. ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి, తరవాత చాలామంది మర్చిపోతారు. మిషను కావాలని అడిగింది కంపెనీ కాదు. మనం.

*

మిషను వచ్చింది, రాయికొకటి చొప్పున. ఇనుప చెయ్యి, మూడు చోట్ల మోకాళ్ళున్న చెయ్యి. చక్రాన్ని చివరనున్న వేళ్ళతో పట్టుకుని గాల్లో ఊరికే నిలబెట్టేది. చూసిన మొదటి రోజే దానికి తొండం అని పేరు పడిపోయింది. దాంతోపాటు ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చిన్నమ్మాయి, చొక్కా చేతులు మడిచి నేలమీద కూర్చునే రకం.

"బరువంతా ఇది మోస్తుంది. ఎటు తిప్పాలో, ఎంత ఒత్తాలో మీ చెయ్యి చెప్పాలి. అందుకే ఈ పిడి పెట్టాను. దీన్ని పట్టుకుని మీరు మామూలుగా పని చేసుకోండి, చాలు" అంది.

"మేం చెప్పింది దానికి గుర్తుంటుందామ్మా?" అని అడిగాడు మీసాలు బాబాయ్.

"ఉంటుంది బాబాయ్. రోజురోజుకీ మీకు తేలికవుతుంది."

"తేలికయ్యేది మా పనా, మేమా?"

అందరూ నవ్వారు. ఇంజనీరమ్మ కూడా నవ్వింది. ఆ పిల్ల మనసులో కల్మషం లేదు. ఆ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, తరవాత ఆవిడ మీద కోపం తెచ్చుకునేవాళ్ళు ఉంటారని.

గరుకక్క పిడి పట్టుకుంది. చక్రం దూదిలా కదిలింది. ఇలా అంటే ఇలా, అలా అంటే అలా. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారని కూడా మర్చిపోయి ఆవిడ కిసుక్కున నవ్వేసింది. అంత వయసు మనిషి అలా నవ్వడం అక్కడ ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న ఇంట్లో ఆవిడ దువ్వెన తీసి తన తల తనే దువ్వుకుంది.

ఇదో పెద్ద విశేషమా అనుకుంటారేమో. ఆవిడ భర్త కూడా ఒకప్పుడు ఆ షెడ్డులో సానవాడే. అతని కుడిచెయ్యి ఇప్పుడు గుండె దాటి పైకి లేవదు. అతని రాయే ఆవిడకి వచ్చింది, అతని జబ్బూ వచ్చింది. ఆవిడకీ చెయ్యి తలదాకా వెళ్ళడం మానేశాక, అతను మంచం మీద కూర్చునేవాడు, ఆవిడ కింద కూర్చునేది. అలా అయితే అతను చెయ్యి ఎత్తకుండానే దువ్వెన ఆవిడ జుట్టుకి అందేది. ఉన్నది ఒకే గది, ఒకే కిటికీ. ఆ కిటికీలోంచి కనపడేది ఫ్యాక్టరీ గోడ. ఆ గోడని చూస్తూ రోజూ తల దువ్వించుకునేది ఆవిడ.

"అయితే నా ఉద్యోగం కూడా మిషనే ఊడబెరికింది" అన్నాడు అతను.

"పోనీ, కాఫీ పెట్టే ఉద్యోగం ఖాళీగా ఉంది, చేరతావా?"

అతను నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ గోడవైపు తిరిగాడు. "నేను అడిగినప్పుడే ఈ మిషను ఇచ్చి ఉంటేనా..." అన్నాడు. ఆవిడ అతని వీపు నిమిరి బయల్దేరింది.

ఆ తరవాత ఇంజనీరమ్మ రోజూ ఆవిడ పక్కన నిలబడేది. "ఇక్కడ ఎందుకు ఆగావక్కా? ఇక్కడ ఎందుకు వంగావు?" అని అడిగేది. ఆవిడ బతుకులో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. మొగుడు అడగలేదు, మేస్త్రి అడగలేదు. అడిగితే చాలు ఆవిడకి వెయ్యేనుగుల బలం వచ్చేది. ఒత్తడం చెప్పింది, వదలడం చెప్పింది, ఊపిరి ఎక్కడ బిగబట్టాలో చెప్పింది, కట్టుకున్నవాడికి కూడా చెప్పనివి చెప్పింది. ఒకరోజు మేనేజరు అందరినీ పోగుచేసి, "అన్ని చేతుల్లోకీ ఈవిడ చెయ్యే బాగుంది. అన్ని మిషన్లలోనూ ఇదే పెడుతున్నాం" అని చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. గరుకక్క సిగ్గుపడి తల వంచుకుంది. లోపల మాత్రం పొంగిపోయింది.

*

ఒక సోమవారం పొద్దున్న వచ్చేసరికి తొండాలకి పిడులు లేవు.

పిడి ఉన్న చోట బోల్టుల కన్నాలు మాత్రం ఉన్నాయి. ఒక్కో తొండం చుట్టూ ఇనుప వల కట్టారు. నేల మీద పచ్చగీత గీశారు. గీత దాటకూడదు. తొండం తనంతట తనే చక్రాన్ని తీసుకుంటోంది, తనే సానబడుతోంది, తనే ట్రేలో పెడుతోంది.

"మీ కష్టం తీరిపోయింది" అన్నాడు మేనేజరు. అని, రాళ్ళ వరుసకి మధ్యలో నిలబడి చెయ్యి నిలువుగా పెట్టాడు. అటు సగం ఇళ్ళకి. ఇటు సగం చక్రాలు అందించడానికీ, ట్రేలు తోయడానికీ. కాలు బాగయ్యాక వచ్చెయ్యమని మేనేజరు చెప్పి ఉంచిన పిట్ట ఆ రోజే కర్ర ఊతంతో వచ్చాడు. అతని రాయి అటు సగంలో ఉంది. "ఇంకో సంగతి. ఆ తడుముకోవడాలూ అవీ ఇక ఉండవు. ట్రేలో పడ్డ చక్రాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. టైము దండగ."

గరుకక్క ఇటు సగంలో ఉండిపోయింది. వలలోంచి చూస్తే తొండం ఆవిడలాగే వంగుతోంది. ఆవిడలాగే ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకున్నట్టు, మళ్ళీ కదులుతోంది. బోనులో ఉన్నది అదా తనా అన్నది ఆవిడకి తెలియలేదు. సాయంత్రం చేతులు కడుక్కునే తొట్టి దగ్గర, పక్కన నిలబడ్డ పాత స్నేహితురాలు సబ్బు ముక్క తీసి అటు పెట్టుకుంది.

"మెచ్చుకోలుకి పొంగిపోయి అంతా కక్కేశావు కదే. ఇవాళ నీ చెయ్యే మా అందరి నోటి దగ్గర కూడు లాగేసింది."

గరుకక్క నోటికి ఊళ్ళు ఊళ్ళు హడలిపోతాయని పేరు. ఆ రోజు ఆ నోటికి ఒక్క మాటా దొరకలేదు. చేతులు సగం కడుక్కుని వెళ్ళిపోయింది.

రోజులు గడిచాయి. ట్రేలు తోస్తూ ఒక పొద్దున్న, సూపర్‌వైజరు అటు తిరిగినప్పుడు, ఆవిడ ఒక చేతి గ్లౌజు తీసేసింది. ఎందుకు తీసిందంటే, ఊరికే. వేళ్ళు తహతహలాడుతున్నాయి. చక్రం మీద వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకుంది. ఒక్కొక్క రెక్కా గాజులా జారిపోయింది. చివరి రెక్క అడుగున, లోపలివైపు, వేళ్ళు ఆగాయి.

చిన్న బొడిపె. ఆవగింజంత.

ఇంకో చక్రం చూసింది. అక్కడే. ఇంకో తొండం చేసిన చక్రం చూసింది. అక్కడే.

అప్పుడు అర్థమైంది ఆవిడకి. చివరి రెక్క దగ్గరికి వచ్చేసరికి తన భుజం పట్టేసేది. అందుకని అక్కడ ఒత్తిడి తగ్గించేసేది. ఏళ్ళ నాటి అలవాటు. తొండం వచ్చి బరువు తీసేసినా, భుజం ఆ పాత భయం మర్చిపోలేదు. అలాగే నేర్పింది. రోజూ ఆ బొడిపెని వేలితో పట్టుకుని "అక్కా, ఇక్కడ" అని సరిచేసింది ఎవరు? పిట్ట, అతను లేనప్పుడు ఇంకో పక్కమనిషి. వాళ్ళు సరిచేసేది వాళ్ళ రాయి మీద. తొండం అది చూడనే లేదు. దానికి ఆవిడ చెయ్యి వచ్చింది, ఆవిడ నొప్పి వచ్చింది, పక్కచెయ్యి మాత్రం రాలేదు. కొలతల గదిలో గేజి రెక్క అడుగుకి దూరదు. ఇన్నాళ్ళూ ఆ చోటుకి గేజి పక్కమనిషి వేలే.

నీళ్ళు ఆ బొడిపెకి కొట్టుకుంటాయి. చక్రం వణుకుతుంది. వణికి వణికి ఒకరోజు రెక్క విరుగుతుంది. షెడ్డువాళ్ళ ఇళ్ళలో ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే.

"ఏయ్, ఏంటా పని?" సూపర్‌వైజరు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

*

మేనేజరు గదికి అద్దం గోడ. అందులోంచి షెడ్డంతా కనపడుతుంది, చప్పుడు మాత్రం రాదు. గరుకక్క అంతా చెప్పింది. మేనేజరు కూర్చోమన్నాడు. ఆ గదిలో ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

"నువ్వు చెప్పింది ఒప్పుకుంటానమ్మా. సరిచేద్దాం. నువ్వొక్కదానివి వల లోపలికి రా. నీకు పిడి పెట్టిస్తాను. నీ భుజానికి ఏ శ్రమా లేకుండా ఆ ముక్క మళ్ళీ నేర్పించు. ఇక నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు."

"మిగతావాళ్ళు సార్?"

"వాళ్ళ గొడవ నీకెందుకు?"

"పక్కచెయ్యి ఎవరు పెడతారు?"

"కెమెరా పెడతాం."

"ఇప్పటిదాకా తయారైనవి?"

మేనేజరు పెన్ను తీసి మూత పెట్టాడు. "ఆ లోడు రేపు పొద్దున్న వెళ్ళాలి. సొరంగం పనివాళ్ళు నీళ్ళు తోడే పంపులకి ఈ చక్రాల కోసం ఎదురుచూస్తున్నారు. కొలతల గది పాస్ చేసింది."

"తప్పుందని తెలిసి పంపుతారా?"

"తప్పని ఎవరన్నారు? నీ వేళ్ళు. వేళ్ళ మాట కాగితం మీద నిలవదు." అద్దంలోంచి షెడ్డు మూలకి చూపించాడు. అక్కడ పాత సానరాయి ఒకటి దుమ్ముకొట్టుకుని ఉంది. "ఒప్పుకోకపోతే బలవంతం లేదు. ఆ రాయి నీదే. తొండం ఉండదు. బరువు నువ్వే మోసుకో."

అడకత్తెరలో పోకచెక్క అయింది ఆవిడ. ఒప్పుకుంటే తనవాళ్ళ ముఖం చూడలేదు. ఒప్పుకోకపోతే ఆ రాయి దగ్గర ఈ భుజం ఎక్కువ కాలం ఆగదు. నోరు మూసుకుంటే ఎక్కడో నేల కింద ఎవరో మునిగిపోతారు. ఆవిడ కుర్చీలోంచి లేచి, "రేపు చెప్తాను సార్" అంది. ఆ గొంతు ఆవిడకే కొత్తగా ఉంది.

*

సాయంత్రం తొట్టి దగ్గర కొళాయిలన్నీ విప్పేశారు. నీళ్ళ చప్పుడు ఉంటే సూపర్‌వైజర్లకి మాటలు వినపడవు. లోపలివాళ్ళు ఒకవైపు నిలబడ్డారు. ఇంటికి పంపేసినవాళ్ళు వెనక కంచె అవతల గుంపుగా నిలబడ్డారు, వాళ్ళ ముందు పిట్ట కర్రమీద ఆనుకుని ఉన్నాడు. గరుకక్క ఏదీ దాచలేదు. బొడిపె సంగతి చెప్పింది, మేనేజరు ఇస్తానన్నది చెప్పింది, తన మనసు అటు లాగిందనీ చెప్పింది.

మీసాలు బాబాయ్ మీసం తుడుచుకున్నాడు. "దేవుడు మేలు చేశాడు. ఎవరూ నోరెత్తకండి. ఆ చక్రాలు పోనీండి, విరగనీండి. కంపెనీ పరువు వీధిన పడితే వాడే మన కాళ్ళ దగ్గరికొస్తాడు."

"అంతదాకా ఎందుకు? రేపే తొండాలు పగలగొట్టేద్దాం!" అని ఇంకెవరో అరిచారు. "పగలగొట్టాలి" అని పది గొంతులు లేచాయి.

అప్పుడు పోత షెడ్డులో ఇసుక జల్లించే అమ్మాయి ముందుకొచ్చింది. ఎప్పుడూ నోరు విప్పి ఎరగదు.

"మా తమ్ముడు ఆ సొరంగంలోనే చేస్తున్నాడు బాబాయ్. పంపు ఆగితే నీళ్ళు మెడదాకా రావడానికి ఎంతోసేపు పట్టదంట. చక్రం విరిగితే కంపెనీ పరువు పోతుంది సరే. మావాడో?"

 మీసాలు బాబాయ్ ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "తప్పు మాట్లాడానమ్మా" అన్నాడు.

"మరి తొండాలు?" అన్నాడు పగలగొట్టాలన్నవాడు.

గరుకక్కకి గొంతు తిరిగొచ్చింది. "పగలగొట్టి? మళ్ళీ రొమ్ముకి ఆనించుకుని మోద్దామా? ఇదిగో వీడి కాలు చూడు. నా మొగుడి చెయ్యి చూడు. అది మనం రాళ్ళాపి తెచ్చుకున్న మిషను రా. వాళ్ళు దొంగిలించింది పిడిని. ఇంట్లో దొంగలు పడితే ఇల్లు తగలబెట్టుకుంటావా?"

"మరేం చేద్దామంటావు?"

 కంచె అవతలి నుంచి పిట్ట అన్నాడు, ఎప్పటిలాగే మెల్లగా:

"లోడు గేటు దాటకముందు పక్కచెయ్యి పెడదాం అక్కా. మనమందరం, అందరూ చూస్తుండగా. తప్పు లేనివి పోనిద్దాం. ఉన్నవి ఆపేద్దాం. 'సరిచేస్తాం, పిడులు మళ్ళీ పెట్టండి' అందాం. నువ్వొక్కదానివే లోపలికెళ్తే నీ చక్రం ఎవరు తడుముతారు?"

పాత స్నేహితురాలు సబ్బు ముక్క తీసి గరుకక్క చేతిలో పెట్టింది. మీసాలు బాబాయ్ గొంతు సవరించుకుని, "బరువు దానిది" అన్నాడు నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు.

"చెయ్యి మనది" అంది ఇసుక జల్లించే అమ్మాయి.

*

పొద్దున్న ఆవిడ దువ్వెన తీసింది. చెయ్యి లేవలేదు. ట్రేలు తోసి తోసి భుజం మళ్ళీ మొదటికొచ్చింది. భర్త మంచం మీద కూర్చున్నాడు. ఆవిడ కింద కూర్చుంది.

"ఒప్పుకుని ఉండాల్సింది" అన్నాడు దువ్వుతూ.

"నిజంగానే అంటున్నావా?"

"భయపడి అంటున్నాను. నా భయం నాకు సబబుగానే కనపడుతుంది మరి. నన్ను అడక్కు." జడ బిగించి అల్లాడు, పోలీసులు లాగినా ఊడనంత గట్టిగా. అల్లి, చెప్పులు వేసుకున్నాడు.

"నువ్వెక్కడికి?"

"చక్రం తడమడానికి చెయ్యి గుండెదాకా లేస్తే చాలదూ?"

గేటు దగ్గర లారీ నిలబడి ఉంది. లారీ ముందు నేల మీద జనం కూర్చుని ఉన్నారు. సాన షెడ్డువాళ్ళు లోపలివాళ్ళూ బయటివాళ్ళూ, పోత షెడ్డువాళ్ళు, బిగింపువాళ్ళలో సగం మంది. లారీ హమాలీలు మాత్రం దూరంగా గోడనీడన నిలబడ్డారు. వాళ్ళలో పెద్ద హమాలీని గరుకక్క అడిగింది, చక్రాలు దించమని.

"మాకెందుకమ్మా మీ గొడవ? మేం ఎత్తమంటే ఎత్తేవాళ్ళం" అన్నాడతను.

దాంతో కూర్చున్న జనమే లారీ ఎక్కి దించుకున్నారు. గోనెపట్టా పరిచి మొదటి చక్రం పెట్టారు. గరుకక్క చెయ్యి పెట్టలేదు, అది తన చెయ్యి చేసిన పని కాబట్టి. పిట్ట కూర్చుని, కళ్ళు మూసుకుని తడిమాడు.

"ఉంది" అన్నాడు.

పక్కనున్న గరుకక్క భర్త తడిమాడు. "ఉంది." పాత స్నేహితురాలు తడిమింది. "ఉంది." చక్రాలు చేతుల మీదుగా వెనక్కి పోతున్నాయి. ఎవరి వేళ్ళ కింద బొడిపె తగిలినా ఆ మాట జనంలోంచి లేస్తోంది, వెనక వరుసలవాళ్ళు అందుకుంటున్నారు. ఉంది! ఉంది! ఒక్కటి కూడా గేటు దాటడానికి పనికొచ్చేది కాలేదు.

మేనేజరు పోలీసులతో వచ్చాడు. ఆయన వెనక ఇంజనీరమ్మ తేలు కుట్టిన దొంగలా వచ్చింది. ఇన్‌స్పెక్టరు లాఠీతో చక్రాన్ని తట్టాడు. "ఏంటి ఉంది ఉందని గోల? ఏముందిందులో?"

"ఏమీ లేదు సార్" అన్నాడు మేనేజరు. "పని తప్పించుకునే నాటకం. కావాలంటే మా ఇంజనీరునే అడగండి."

అంతమంది కళ్ళూ ఆ పిల్ల మీద పడ్డాయి. ఆవిడ మేనేజరుని చూసింది, గరుకక్కని చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చివరి రెక్క అడుగుకి వేళ్ళు పోనిచ్చింది. చాలాసేపు వెతికింది. 

"ఉంది" అంది. కళ్ళు తెరిచి మళ్ళీ అంది, "ఉంది సార్. పిడులు తీసెయ్యమన్నది నేను కాదు."

 ఇన్‌స్పెక్టరు చేతిగడియారం చూసుకున్నాడు. "చక్రంలో ఏముందో నాకనవసరం. గేటుకి అడ్డం పడ్డారు. అది నేరం. ఎత్తండి వీళ్ళని!"

"బరువు దానిది!" అని లేచాడు మీసాలు బాబాయ్.

"చెయ్యి మాది!"

లాఠీలు దిగాయి. ఒకరినొకరు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. అయినా లాగారు. గరుకక్కని కుడిచెయ్యి పట్టుకుని ఈడ్చారు. ఆ అరుపు వీధి చివరిదాకా వినపడింది. పోలీసు వ్యానులో కుక్కారు, ఆవిడతో పాటు మీసాలు బాబాయ్‌ని, ఇసుక జల్లించే అమ్మాయిని, పాత స్నేహితురాలిని, ఇంకా పట్టినంతమందిని. కుంటివాణ్ణీ చెయ్యి లేవనివాణ్ణీ పక్కకి నెట్టేశారు, పనికిరారని.

వ్యాను తలుపు మూసుకుంది. లోపల చీకటి, చెమట, ఒకరి మోకాలు ఇంకొకరి వీపులో. గరుకక్కకి భుజం ఉందో ఊడిందో తెలియడం లేదు. అయిపోయింది, అనుకుంది. రేపటి నుంచి తొండమూ లేదు, రాయీ లేదు, ఏమీ లేదు. చక్రాలు పోతాయి. ఆవిడకి ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది.

"అక్కా, చూడు" అంది ఇసుక జల్లించే అమ్మాయి.

కిటికీ జాలీలోంచి గేటు కనపడుతోంది. మేనేజరు హమాలీల మీద అరుస్తున్నాడు, లోడెక్కించమని. పెద్ద హమాలీ వంగి చక్రాన్ని భుజానికెత్తుకున్నాడు. నాలుగడుగులు వేశాడు. లారీ దగ్గర ఆగాడు. ఆగి, చక్రాన్ని కిందికి దించాడు. నడుముకి కట్టిన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, జనం చేసినట్టే కళ్ళు మూసుకున్నాడు. ఆ వేళ్ళు జీవితమంతా మూటలు మోసిన మొద్దు వేళ్ళు. ఎక్కడ వెతకాలో వాటికి తెలియదు. పై అంచున తడిమాడు, మధ్యలో తడిమాడు. మేనేజరు అరుస్తున్నాడు. పిట్ట కర్ర పొడుచుకుంటూ అతని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

వ్యాను కదిలింది. గరుకక్క జాలీకి నోరు ఆనించి, ఆ వీధిలో అందరికీ తెలిసిన ఆ గొంతుతో అరిచింది:

"అక్కడ కాదయ్యా! చివరి రెక్క! అడుగున చూడు, అడుగున!"

హమాలీ తల తిప్పి వ్యాను వైపు చూశాడు. వేళ్ళు కిందికి పోనిచ్చాడు. ఆగాయి. అతను తన మనుషుల వైపు తిరిగి ఏదో అన్నాడు. వ్యాను హోరులో అది వినపడలేదు. పెదాలు కదిలిన తీరుని బట్టి అదే మాట అని అందరికీ తెలిసింది. హమాలీలు ఒకరి తరవాత ఒకరు గోడనీడ వదిలి వచ్చి లారీ చుట్టూ చేరారు.

"తరవాతది చూడండి!" అని అరిచింది గరుకక్క.

వాళ్ళు తరవాతి చక్రం అందుకున్నారు.